పాత ఇంటికి స్మార్ట్ పరికరాలు: ముందు తీగలు, తేదీలు చూడండి

న్యూజెర్సీలో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలకు తరచుగా దొరికేది 1950ల నుంచి 70ల మధ్య కట్టిన ఇల్లే. బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్, హాలు గోడ మీద గుండ్రటి థర్మోస్టాట్ (గది వేడిని అదుపు చేసే పరికరం), సీలింగుకు పసుపెక్కిన ఒక స్మోక్ అలారం. తాళాలు చేతికి రాగానే ఆ థర్మోస్టాట్‌నూ అలారాన్నీ తీసేసి, ఫోన్‌తో నడిచే స్మార్ట్ పరికరాలు పెట్టుకోవాలని అనిపిస్తుంది. మంచి ఆలోచనే. కానీ ఆ రెండూ ఒక కోవకు చెందినవి కావు. థర్మోస్టాట్ పాడైతే ఒక రాత్రి చలికి ఓర్చుకుంటాం. పొగ అలారం పాడైతే ఆ సంగతి తెలిసేటప్పటికే ఆలస్యమైపోతుంది. అందుకే డబ్బు, సమయం ముందు అలారాలకే కేటాయించాలని నా అభిప్రాయం. అయితే అందరూ మొదట కొనేది థర్మోస్టాటే కాబట్టి దానితోనే మొదలుపెడదాం.

థర్మోస్టాట్ వేడిని పుట్టించదు. అది ఒక స్విచ్. ఫర్నేస్‌కు ‘వెలుగు’, ‘ఆరు’ అని చెప్పడమే దాని పని. పాత అమెరికన్ ఇళ్లలో కనిపించే గుండ్రటి థర్మోస్టాట్ చాలావరకు హనీవెల్ కంపెనీ 1953లో తెచ్చిన నమూనాయే. దాని మూత తీసి చూస్తే లోపల చుట్టగా చుట్టిన సన్నటి లోహపు పట్టీ ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలను అతికించి చేసిన పట్టీ అది. వేడికి ఒక లోహం ఎక్కువగా, ఇంకొకటి తక్కువగా సాగుతాయి. అందుకని చుట్ట కాస్త విప్పుకుంటుంది, చల్లబడితే బిగుసుకుంటుంది. దాని కొసన చిన్న గాజు బుడ్డి, అందులో ఒక పాదరసం చుక్క. చుట్ట కదిలితే బుడ్డి వంగుతుంది. పాదరసం జారి రెండు తీగల మొనలను కలుపుతుంది. అప్పుడు ఫర్నేస్ వెలుగుతుంది. ఇదంతా జరగడానికి థర్మోస్టాట్‌కు సొంతంగా కరెంటు అక్కర్లేదు. గోడలోంచి రెండు తీగలు వస్తే చాలు.

చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. స్మార్ట్ థర్మోస్టాట్ ఒక చిన్న కంప్యూటర్. దాని తెరకు, వైఫైకి, సెన్సర్లకు రాత్రింబవళ్లు కరెంటు కావాలి. ఫర్నేస్ దగ్గర ఉండే ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి కరెంటును 24 వోల్టులకు తగ్గించి ఈ తీగల్లోకి పంపుతుంది. ‘ఆర్’ అనే తీగ ఆ కరెంటును తెస్తుంది. ‘డబ్ల్యూ’ వేడిని, ‘వై’ ఏసీని, ‘జి’ ఫ్యాన్‌ను నడిపిస్తాయి. పరికరానికి నిరంతరం కరెంటు అందాలంటే వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే దారి ఒకటి ఉండాలి. దాన్నే ‘సి’ తీగ (కామన్, అంటే తిరుగు దారి) అంటారు. పాత ఇళ్లలో ఆ తీగతో ఎవరికీ పని పడలేదు కాబట్టి చాలా చోట్ల అది వేయనే లేదు.

సి తీగ లేకపోయినా పనిచేస్తాయని కొన్ని మోడళ్లను అమ్ముతారు. అవి ఫర్నేస్ ఆగి ఉన్న వేళ దాన్ని వెలిగించే తీగలోంచే కొద్దికొద్దిగా కరెంటు లాగి లోపలి బ్యాటరీని నింపుకుంటాయి. ఆ కరెంటు మరీ తక్కువ కాబట్టి ఫర్నేస్ వెలగకూడదు. చాలా ఇళ్లలో ఇది బాగానే సాగుతుంది. కొన్ని ఇళ్లలో మాత్రం ఫర్నేస్ ఆ చిన్న కరెంటునే పిలుపుగా పొరబడి టకటకా కొట్టుకుంటుంది. లేదా బ్యాటరీ నిండక తెర ఆరిపోతుంది. ఫర్నేస్ గంటల తరబడి ఆగకుండా నడిచే జనవరి చలిలో బ్యాటరీ నింపుకోవడానికి విరామమే తక్కువ. అంటే ఇబ్బంది వస్తే అవసరం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే వచ్చే అవకాశం ఉంది.

కాబట్టి కొనేముందే గోడ వెనక చూడండి. ఫర్నేస్ కరెంటును బ్రేకర్ దగ్గర ఆపండి. పాత థర్మోస్టాట్ మూత తీసి, ఏ తీగ ఏ అక్షరం దగ్గర బిగించి ఉందో ఫొటో తీసుకోండి. తర్వాత అది బిగించిన పలకను నెమ్మదిగా ముందుకు లాగండి. అదృష్టం బాగుంటే ఎక్కడా కలపని తీగ ఒకటి గోడ రంధ్రంలో చుట్టి కనబడుతుంది. ఫర్నేస్ దగ్గర కూడా అదే రంగు తీగ ఖాళీగా ఉంటే, రెండు కొసలనూ సి దగ్గర బిగించి సమస్య తీర్చుకోవచ్చు. అలాంటి తీగ లేకపోతే ఫర్నేస్ దగ్గర బిగించే చిన్న అడాప్టర్ కిట్లు ఉన్నాయి, ఉన్న తీగలతోనే పని జరిపిస్తాయి. పక్కనే ప్లగ్ ఉంటే 24 వోల్టుల విడి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు. లేదంటే కొత్త తీగ లాగించడమే.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. మూత తీసినప్పుడు సన్నటి రంగురంగుల తీగలకు బదులు లావుపాటి తీగలు, వాటి కొసలకు ప్లాస్టిక్ టోపీలు కనబడితే అక్కడితో ఆపేయండి. అది గోడ కింది ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్‌కు వెళ్లే లైను. అందులో ఉండేది 120 లేదా 240 వోల్టులు. మామూలు స్మార్ట్ థర్మోస్టాట్‌ను దానికి బిగిస్తే పరికరం కాలిపోతుంది, మంటలూ రావచ్చు. అలాంటి హీటర్లకు వేరే మోడళ్లున్నాయి, వాటిని ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించాలి. తీసేసిన గుండ్రటి థర్మోస్టాట్‌ను చెత్తబుట్టలో వేయకూడదు. అందులో దాదాపు 3, 4 గ్రాముల పాదరసం ఉంటుంది. గాజు పగిలితే అది ఆవిరై ఇంటి గాలిలో కలుస్తుంది. కౌంటీ ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.

ఇంత చేస్తే మిగిలేదెంత? అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం లెక్క ప్రకారం వేడికీ చల్లదనానికీ అయ్యే ఖర్చులో సగటున సుమారు 8 శాతం. ఆ పొదుపు పరికరంలోంచి ఊడిపడదు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు, అందరూ పడుకున్నప్పుడు వేడిని తగ్గించడం వల్ల వస్తుంది. రోజుకు 8 గంటలు 7 నుంచి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా మిగులుతుందని ఇంధన శాఖ చెబుతుంది. ఆ పని పాత థర్మోస్టాట్‌ను చేత్తో తిప్పినా జరుగుతుంది. మనం మరిచిపోతాం, యంత్రం మరిచిపోదు, తేడా అంతే. ఫర్నేస్‌కు బదులు హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి చేరవేసే యంత్రం) ఉంటే మాత్రం జాగ్రత్త అవసరం. బాగా తగ్గించి ఒక్కసారిగా పెంచితే సహాయక విద్యుత్ హీటర్ అందుకుంటుంది, మిగిల్చినదంతా అందులో పోవచ్చు.

మన ఇళ్లకు ప్రత్యేకమైన సంగతి ఇంకొకటి ఉంది. ఇంట్లో మనుషులున్నారా లేదా అని ఈ పరికరం ఎలా తెలుసుకుంటుంది? ఒకటి, దాని ముందునుంచి ఎవరైనా నడిస్తే సెన్సర్ పసిగడుతుంది. రెండు, యాప్‌లో నమోదైన ఫోన్లు ఇల్లు దాటాయేమో చూస్తుంది. ఇప్పుడు గుంటూరు నుంచో వరంగల్ నుంచో అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వచ్చారనుకోండి. కొడుకు, కోడలు ఆఫీసుకు వెళ్లారు, రెండు ఫోన్లూ ఇల్లు దాటాయి. పెద్దవాళ్ల ఫోన్లు యాప్‌లో లేవు. వాళ్లు మేడ మీది గదిలో పడుకుని ఉన్నారు, హాల్లో అలికిడి లేదు. ఇల్లు ఖాళీ అని తేల్చుకుని పరికరం వేడిని తగ్గించేస్తుంది. చలేస్తున్నా ‘ఇక్కడ ఇంతే కాబోలు’ అనుకుని శాలువా కప్పుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లు ఉన్నన్నాళ్లూ ఆ ‘అవే’ (Away, అంటే ఇంట్లో ఎవరూ లేరన్న) పద్ధతిని ఆపేయండి. గోడ మీద చేత్తో ఎలా పెంచాలో కూడా ఒకసారి చేయించి చూపించండి.

కొన్న వస్తువు పూర్తిగా మన చేతిలో ఉండదని కూడా తెలిసి ఉండాలి. 2021 జూన్‌లో టెక్సస్‌లో ఎండ ముదిరిన రోజుల్లో కొందరి ఇళ్లలో ఏసీ ఉష్ణోగ్రత తనంతట తానే పెరిగింది. వాళ్లు చేరిన పథకంలో, కరెంటు కొరత వస్తే థర్మోస్టాట్‌ను దూరం నుంచి మార్చే షరతు ఉంది. పథకం చెడ్డదని కాదు, సంతకం పెట్టేముందు ఆ షరతు చదవాలి. నెస్ట్ తొలి రెండు తరాల థర్మోస్టాట్లకు గూగుల్ 2025 అక్టోబర్‌లో మద్దతు ఆపేసింది. అవి గోడ మీద ఇంకా పనిచేస్తాయి, ఫోన్‌కు మాత్రం లొంగవు. ఆ పాదరసం థర్మోస్టాట్ యాభై ఏళ్లు నడిచిన గోడ మీద, దీని స్మార్ట్ జీవితం పదేళ్లకు కాస్త అటూ ఇటూ అని లెక్కేసుకుని కొనాలి.

ఇక అలారాలు. నిచ్చెన వేసుకుని సీలింగు మీది అలారాన్ని తిప్పి కిందికి దించండి. వెనక తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. దానికి పదేళ్లు దాటితే బటన్ నొక్కినప్పుడు మోగినా సరే, మార్చేయాలి. చాలా మోడళ్లలో బటన్ పరీక్షించేది ప్రధానంగా బ్యాటరీని, మోతను, లోపలి సర్క్యూట్‌ను. పొగను పట్టే గదిలో పదేళ్ల దుమ్ము, జిడ్డు ఎంత పేరుకున్నాయో అది చెప్పకపోవచ్చు.

పొగను పట్టే పద్ధతులు ప్రధానంగా రెండు. అయనైజేషన్ రకంలో అమెరీషియం అనే రేడియోధార్మిక పదార్థం అతి తక్కువ మోతాదులో ఉంటుంది. అది రెండు లోహపు పలకల మధ్య గాలిలో చిన్న కరెంటు పారేలా చేస్తుంది. పొగ కణాలు వచ్చి ఆ ప్రవాహాన్ని తగ్గిస్తే మోత మొదలవుతుంది. భగ్గున లేచే మంటను ఇది త్వరగా పడుతుంది. ఫొటోఎలక్ట్రిక్ రకంలో ఒక చీకటి గది, అందులో కాంతి పుంజం ఉంటాయి. తలుపు సందులోంచి పడే ఎండలో దుమ్ము మెరిసినట్టు, పొగ కణాల మీద పడ్డ కాంతి చెదిరి సెన్సర్‌కు తగులుతుంది. మంట లేకుండా పరుపులోనో సోఫాలోనో గంటల తరబడి రాజుకునే నిప్పును ఇది ముందుగా పడుతుంది. రెండు రకాలూ ఇంట్లో ఉండాలని అమెరికా అగ్ని రక్షణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ సూచిస్తుంది.

ఇప్పుడే ఎందుకింత తొందర? ఇల్లు పాతదైనా లోపలి సామాను కొత్తది. యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ రెండు గదులను పక్కపక్కన తగలబెట్టి చూసింది. నూలు, చెక్క సామానున్న పాతకాలపు గది మొత్తం అంటుకోవడానికి 29 నిమిషాలు పట్టింది. పాలియెస్టర్, ఫోమ్ సామానున్న నేటి గదికి 4 నిమిషాలు కూడా పట్టలేదు. అందుకే ఒక అలారం మోగితే ఇంట్లోవన్నీ మోగాలి. బేస్‌మెంట్‌లో మొదలైన మంట గురించి మేడ మీద తలుపు వేసుకుని నిద్రపోతున్నవాళ్లకు ఆ క్షణమే తెలియాలి. కొత్త ఇళ్లలో దీనికోసం గోడల్లో తీగలు వేస్తారు. పాత ఇంట్లో ఆ తీగల కోసం గోడలు పగలగొట్టాలి. రేడియోతో ఒకదానితో ఒకటి మాట్లాడుకునే అలారాలు ఆ పని తప్పిస్తాయి. నా దృష్టిలో పాత ఇంటికి స్మార్ట్ సాంకేతికత చేసే అసలైన మేలు ఇదే. ఫోన్‌కు వచ్చే సందేశం దీని తర్వాతే. కొనేటప్పుడు అన్నీ ఒకే కంపెనీవి తీసుకోవాలి, సాధారణంగా వేరే కంపెనీవాటితో అవి కలవవు. పాత ప్లాస్టర్ గోడల్లో కొన్నిటికి లోపల ఇనుప జాలీ ఉంటుంది, అది సంకేతాన్ని బలహీనపరుస్తుంది. అందుకని బిగించాక బేస్‌మెంట్‌లో ఒకదాన్ని నొక్కి, పై అంతస్తులో మోగుతోందో లేదో వినాలి. కరెంటు లైనుకు కలిపే రకమైతే, 1965–73 మధ్య కట్టిన కొన్ని ఇళ్లలో అల్యూమినియం తీగలున్నాయి కాబట్టి ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే.

న్యూజెర్సీలో ఇల్లు చేతులు మారేటప్పుడు పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాల ధ్రువపత్రం ఇస్తారు. అది ఉంది కదా అని ఊరుకోవద్దు. పాత ఇళ్లకు అది అడిగేది ప్రతి అంతస్తులో, పడక గదుల బయట అలారాలను. ఎన్‌ఎఫ్‌పీఏ సలహా ప్రతి పడక గది లోపల కూడా ఒకటి ఉండాలని. గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ (రంగు, వాసన లేని విష వాయువు) అలారం పడక గదుల దగ్గర తప్పనిసరి.

మన వంటింటి సంగతి చెప్పకపోతే ఇదంతా వృథా. పోపులో ఎండుమిర్చి మాడితే, ఊరమిరపకాయలు వేయిస్తే అలారం మోగుతుంది. రెండుసార్లు మోగాక బ్యాటరీ తీసేస్తారు, లేదా ప్లాస్టిక్ సంచి కట్టేస్తారు. సంచి అలాగే ఏళ్లు ఉండిపోతుంది. తప్పు అలారానిది కాదు, అది ఉన్న చోటుది. పొయ్యికి కనీసం 10 అడుగుల దూరంలో, ఫొటోఎలక్ట్రిక్ రకం పెట్టండి. యూఎల్ కొత్త ప్రమాణంలో వంట పొగకూ మంట పొగకూ తేడా పట్టే పరీక్ష చేర్చారు, ఆ ప్రమాణానికి తయారైనవి దొరుకుతున్నాయి. పొయ్యి పైనున్న హుడ్ గాలిని బయటికి పంపుతోందా అన్నదీ చూడండి. పాత ఇళ్లలో చాలా హుడ్లు గాలిని జల్లెడలోంచి తిప్పి మళ్లీ వంటింట్లోకే వదులుతాయి. గోడకు రంధ్రం కొట్టి గొట్టం బయటికి పెట్టిస్తే అలారం గోల తగ్గుతుంది, వండేవాళ్ల ఊపిరితిత్తులకూ మంచిది.

స్మార్ట్ అలారమైనా మోత దానిలోనే ఉంటుంది. ఇంటర్నెట్ పోయినా అది మోగుతుంది. ఫోన్‌కు సందేశం పంపడానికే వైఫై కావాలి. ఆ సందేశం కొడుకు ఆఫీసులో మీటింగులో ఉండగా వస్తుంది, ఇంట్లో ఉన్నది పెద్దవాళ్లు. కాబట్టి మోతల అర్థం వాళ్లకు తెలియాలి. మూడు బీప్‌లు, ఆగి మళ్లీ మూడు: పొగ. నాలుగు బీప్‌లు, ఆగి మళ్లీ నాలుగు: కార్బన్ మోనాక్సైడ్. నిమిషానికొకసారి చిన్న కిచ్ అనే శబ్దం: బ్యాటరీ అయిపోతోంది. మామూలు అలారం కీచుమనే శబ్దం వయసు మళ్లిన చెవులకు సరిగా వినబడదు. వాళ్ల గదికి 520 హెర్ట్జ్ బొంగురు శబ్దమిచ్చే రకం తీసుకోండి. ఒక ఆదివారం పగలు బటన్ నొక్కి వినిపించండి. మూడైనా నాలుగైనా ఏం తీసుకోకుండా బయటికి నడవాలని, ఎదురింటి ముందు నిలబడి 911కు ఫోన్ చేయాలని చెప్పండి. ఇంటి చిరునామాను పెద్ద అక్షరాలతో రాసి వీధి తలుపు పక్కన అంటించండి, ఫోన్‌లో చెప్పడానికి వాళ్లకు అదే కావాలి.