విమానాశ్రయ పరిసర పొలాల్లో డ్రోన్ పిచికారీ

గన్నవరం విమానాశ్రయం చుట్టూ వరి పొలాలున్నాయి. పిచికారీ డ్రోన్ పైరుపై 2-3 మీటర్ల ఎత్తులోనే ఎగురుతుంది కనుక విమానాలతో నిమిత్తమేమిటని రైతు అడగడం సహజం. అయితే 2021 డ్రోన్ నిబంధనలు ఎత్తుతోపాటు విమానాశ్రయ ప్రహరీ నుంచి దూరాన్నీ లెక్కిస్తాయి. ఇతర నిషేధాలు లేనిచోట 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 60 మీటర్ల ఎత్తు వరకు అనుమతి అక్కరలేదు. అంతకు లోపల ఎంత కిందుగా ఎగిరినా అనుమతి తప్పనిసరి.

జియోఫెన్స్ గల డ్రోన్ తన స్థానాన్ని పటంతో సరిచూసుకొని, నిషిద్ధ ప్రాంతంలో మోటార్లనే తిప్పదు. బయటి నుంచి వస్తే సరిహద్దు వద్ద గాలిలో నిలిచిపోతుంది. ఆ గీత పొలం మధ్యగా పోతే సగం మడికి మందు అందదు. ట్యాంకులో కలిపిన మందును మర్నాటికి దాచరాదు. అందుచేత డిజిటల్ స్కై పటాన్ని మందు కలపకముందే చూడాలి. శిక్షణలలో ఈ మాట తరచు చివరికి, అదీ సమయం మిగిలితేనే, వస్తున్నది. గీతకు ఆవల మిగిలిన మడికి తైవాన్ స్ప్రేయరే దిక్కు.