తనంతట తానే ప్లేటు మార్చే పెట్టె

పది అంగుళాల గ్రామఫోను ప్లేటు ఒక్కొక్క వైపు ఎంతసేపు పాడేదో తెలుసునా? సుమారు మూడు నిమిషాలు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు మీద అంతకంటే ఎక్కువ పాట పట్టదు. భాగవతారు రాగం అందుకుని కాస్త కుదురుకునేసరికి ముల్లు నడిమికి వచ్చి గరగరమనేది. ఎవరో ఒకరు లేవాలి. ప్లేటు తిరగవెయ్యాలి, ముల్లు మార్చాలి, కీ ఇవ్వాలి. మన యిళ్ళల్లో యీ ఉద్యోగం సాధారణంగా అందరికంటే చిన్నవాడికి దక్కేది. పాశ్చాత్యుల చిక్కు మనకంటే పెద్దది. వాళ్ళ సింఫనీ ఒకటి నలభై నిమిషాలు సాగితే, పన్నెండు అంగుళాల ప్లేట్లయినా అయిదు కావాలి. అంటే సంగీతం నడుమ తొమ్మిదిసార్లు లేవడమన్నమాట!

ఈ లేవడం తప్పించాలని చాలామంది తంటాలు పడ్డారు. ఆస్ట్రేలియాకు దక్షిణాన వున్న టాస్మానియా ద్వీపంలో ఎరిక్ వాటర్‌వర్త్ అనే ఆయన 1925 ప్రాంతంలో, తనంతట తానే ప్లేట్లు మార్చే యంత్రం చేశాడు. సిడ్నీలో ఒక కంపెనీ దాన్ని అమ్ముతానని ముందుకు వచ్చి దివాలా తీసింది. తండ్రీ కొడుకులు ఓడెక్కి లండన్ వెళ్ళి హక్కులు మరో కంపెనీకి అమ్మారు. అదీ దివాలా తీసింది! ఈలోగా, 1927లో, అమెరికాలో విక్టర్ కంపెనీ తన సొంత యంత్రాన్ని బజారులోకి తెచ్చి పేరూ డబ్బూ సంపాదించింది. వాటర్‌వర్త్ చేసిన మూడు నమూనాల్లో ఒకటి ముక్కలు ముక్కలుగా ఆయన యింటి కిందనే పడివుండి, ఆయన పోయిన తరవాతగాని బయటికి రాలేదు.

సరే, యంత్రం సంగతికి వద్దాం. 1950లలో ఇంగ్లండులో గరార్డ్, బి.ఎస్.ఆర్. వంటి కంపెనీలు లక్షల మీద చేసిన రకం చూడండి. పళ్ళెం నడుమ పొడుగాటి ఇరుసు వుంటుంది. దాని పైభాగం కాస్త పక్కకు తప్పుకుని చిన్న మెట్టులాగా ఏర్పడుతుంది. ఎనిమిదో పదో ప్లేట్లు దొంతరగా ఆ మెట్టు మీద కూర్చుంటాయి. పక్కకు ఒరిగిపోకుండా పైనుంచి ఒక చెయ్యి అదిమిపట్టి వుంచుతుంది. సమయం వచ్చినప్పుడు ఇరుసులోని చిన్న మీట అన్నిటికంటే కింది ప్లేటును మాత్రమే మెట్టు మీదనుంచి తోస్తుంది. అది జారి పళ్ళెం మీదికి దిగుతుంది. కింద చిక్కుకున్న గాలి పరుపులాగా పనిచేసి దెబ్బ తగలకుండా కాస్త కాపాడుతుంది.

పాట అయిపోయిందని యంత్రానికి ఎలా తెలుస్తుంది? నా మటుకు నాకు యీ ఏర్పాటంత ముచ్చటైనది మరొకటి కనిపించదు. పళ్ళెం కింద ఒక కొక్కెం వుంది. ముల్లు మోసే చెయ్యి లోపలికి జరిగినకొద్దీ ఆ కొక్కేన్ని కూడా లోపలికి నెడుతుంది. పళ్ళెం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా దాని నడుమ వున్న పన్ను ఆ కొక్కేన్ని తట్టి, “ఇంకా వేళ కాలేదు, ఫో” అన్నట్టు వెనక్కు పంపేస్తుంది. పాట సాగుతున్నంతసేపూ చెయ్యి వెంట్రుకవాసి చొప్పున జరుగుతుంది గనక ఆ తట్టు చాలు. పాట ముగిశాక గాడి ఒక్కసారిగా వెడల్పుగా చుట్టుకుంటూ నడిమికి పోతుంది. చెయ్యి పరుగు తీస్తుంది. కొక్కెం చప్పున లోపలికి వచ్చేసి, పన్నుకు పట్టుబడిపోతుంది. అంతే! అంతవరకూ నిద్రపోతున్న పళ్ళచక్రం ఒకటి కదులుతుంది. ఆ చక్రానికి ఒకచోట కొన్ని పళ్ళు వుండవు. ఆ ఖాళీ పళ్ళెం వైపు వుండడం చేతనే ఇంతసేపూ కదలలేదు. ఇప్పుడది ఒకే ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులోనే చెయ్యిని లేపడం, పక్కకు తప్పించడం, కొత్త ప్లేటు జారవిడవడం, చెయ్యిని తెచ్చి అంచున దింపడం, అన్నీ అయిపోతాయి. మళ్ళీ ఆ ఖాళీ దగ్గరికి వచ్చి నిద్రపోతుంది. ప్లేటు పది అంగుళాలదా, పన్నెండుదా అన్నది, కొన్ని యంత్రాల్లో, పడుతూ పడుతూ దాని అంచు తాకే ఒక మీట చెబుతుంది. దొంతర అయిపోతే పై చెయ్యి కిందికి వాలి మోటారును ఆపేస్తుంది.

ఇన్ని తెలిసిన యంత్రానికి ప్లేటు తిరగవెయ్యడం మాత్రం చేతకాలేదు. అమెరికాలో కేప్‌హార్ట్ కంపెనీ అదీ చేయించింది గాని, ఆ పెట్టె కొనడం శ్రీమంతుల మాట. తక్కినవారి కోసం ప్లేట్ల కంపెనీలు ఒక ఉపాయం పన్నాయి. మూడు ప్లేట్ల సెట్టులో 1 వెనక 2 కాకుండా 6 ముద్రించారు. 2 వెనక 5. 3 వెనక 4. దొంతర ఒకసారి పాడాక మొత్తం ఎత్తి తిరగవేసి మళ్ళీ ఇరుసుకు ఎక్కిస్తే, 4, 5, 6 వరసగా వస్తాయి. 1 వెనక 2 వున్న పాత సెట్టును యీ యంత్రానికి ఎక్కిస్తే మటుకు ప్రమాదమే. రాయబారం సెట్టు అలా వేశారనుకోండి: 1, 3, 5 వైపులే వినిపిస్తాయి. కృష్ణుడు ఉపప్లావ్యంలో బయలుదేరడం, మరుక్షణం నిండు సభలో కోపగించుకోవడం!

1948లో కొలంబియా కంపెనీ ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడే ఎల్.పి.లు తెచ్చింది. అలాంటప్పుడు ఈ యంత్రం అవసరం తీరినట్టే కదా అనిపిస్తుంది. తీరలేదు. మరుసటి ఏడే ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ నడుమ పెద్ద రంధ్రం వున్న 45 చుట్ల చిన్న ప్లేట్లను, వాటిని చకచకా మార్చే లావుపాటి ఇరుసు పెట్టెతో సహా విడుదల చేసింది. ఆపైన ఇరవై ఏళ్ళకు పైగా మధ్యతరగతి యిళ్ళ రేడియోగ్రాముల్లో యీ యంత్రమే రాజ్యం చేసింది.

సంగీతం మీద ప్రాణం పెట్టేవాళ్ళు దీన్ని మెచ్చలేదు. వారితో నేనూ ఏకీభవిస్తాను. ప్లేటు మీద ప్లేటు పడితే నడుమ చిక్కిన ధూళి ఆకురాయిలాగా పనిచేస్తుంది. దొంతర పెరిగినకొద్దీ పైప్లేటు జారి శ్రుతి వణుకుతుంది; ముల్లు ఆనే కోణం కూడా మారిపోతుంది. పాతకాలపు 78 ప్లేటు లక్కతో చేసింది, పెళుసు. పగిలితే అతకదు. మన నాటక సమాజాల నటుల కంఠాలు కొన్ని ఆ ప్లేట్ల మీద తప్ప ఎక్కడా మిగలలేదు.

అంచేత, మీ యింట్లో తాతగారి నాటి పెట్టె అటక మీద వుంటే, దించగానే మీట నొక్కకండి. లోపలి గ్రీజు ఏళ్ళ తరబడి గట్టిపడి లక్కలాగా అయిపోయి వుంటుంది. బలవంతాన తిప్పితే పళ్ళు విరుగుతాయి. తెలిసిన మెకానిక్కు చేత కడిగించి, కొత్త గ్రీజు పెట్టించండి. 78కి లావు ముల్లు, ఎల్.పి.కి సన్న ముల్లు. చాలా పెట్టెల్లో రెండూ వుంటాయి, తిప్పి చూసుకోండి. దొంతర పెట్టే సరదా తీరాలంటే ఎక్కడైనా దొరికే ప్లేట్లతో తీర్చుకోండి. తాతగారి నాటకం ప్లేటు మాత్రం ఒక్కటే పెట్టి, అయ్యాక లేచి తిరగవెయ్యండి.