గోలు కాచువారికి గురువెవ్వరు?



వంటను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు ఈ పుటలలో చదువుటకు అలవాటుపడిన మీరు, ఒక గృహిణి ఫుట్‌బాలాటను గూర్చి వ్రాయుట చూచి నవ్వుకొందురేమో. నవ్వినను సరియే, నా మాట మాత్రము తుదివఱకు వినవలెనని ప్రార్థించుచున్నాను. మా కుమారుడు కళాశాలలో చదువుచు, అచ్చటి జట్టులో బ్యాకుగా, అనగా గోలునకు ముందు నిలిచి యెదిరివారి నడ్డగించువాడుగా ఆడుచున్నాడు. రెండేండ్లనుండి ఆ యాటలు చూచుచు నేను పడిన బాధయే ఈ వ్యాసమునకు మూలము.

మాది సత్యవేడు. ఈ యూరు 1960లో ఆంధ్రప్రదేశమున కలిసి చిత్తూరు జిల్లాలో చేరినది. 2022నుండి తిరుపతి జిల్లాలో నున్నది. అరవనాడు మాకు మిక్కిలి చేరువ. అందుచే ఆటస్థలమున కేకలు రెండు భాషలలోను వినబడును. ఓడినప్పుడు నింద మాత్రము ఏ భాషలోనైనను బ్యాకుల మీదనే పడును.

సంక్రాంతికి ముందు జరిగిన పోటీలో మా పిల్లలు మొదటి సగముననే రెండు గోలులు వేసిరి. చూచువారి సంతోషమునకు మేరలేదు. రెండవ సగమున మూడు గోలులు వేయించుకొని ఓడిరి. ఆ మూడును ఒక్క తీరుననే పడినవి. ఎదిరిపక్షపు బాలుడొకడు బంతిని ప్రక్కగీత వెంట తెచ్చుట, మావాడును రెండవ బ్యాకును ఇద్దఱును వాని మీదికే పరుగెత్తుట, వాడు బంతిని నడుమకు తన్నుట, అచ్చట కాచువారు లేక నిలిచియున్న మఱియొకడు తాపీగా గోలులోనికి కొట్టుట! వీథివాకిట నెవ్వరో పిలిచిరని యింటిలోని ఆడువారిద్దఱును బయటికి పరుగెత్తినచో పొయ్యిమీది పాలేమగును? ఆటశాస్త్ర మెఱుగని నాకే యింతమాత్రము తెలిసినది.

ఆట ముగిసినంతనే శిక్షకుడు అందఱి యెదుటను, “వెనుక నిలిచినవాండ్లు చేతగానివాండ్లు. వీరి మూలముననే ఆట పోయినది” అనెను. ఆ రాత్రి మావాడు అన్నము ముట్టలేదు. నేను బలవంతపెట్టగా, “అమ్మా, ఎవడు బంతి మీదికి పోవలెనో, ఎవడు వెనుక నిలువవలెనో మాకొకనాడైనను చెప్పినవారు లేరు. అభ్యాసమంతయు గోలు కొట్టుటయే. వారు కొట్టిన బంతులు తెచ్చి యిచ్చుటయే మా పని” అని కన్నీరు పెట్టుకొనెను.

కన్నతల్లి మాట గనుక పక్షపాతమందురేమోయని, మఱుసటి వారము నేనే పోయి అభ్యాసము చూచితిని. వాడు చెప్పినది నిజము. గంటసేపు ముందువరుస బాలురు వరుసగా వచ్చి గోలునకు కొట్టిరి. బ్యాకులు తుమ్మచెట్లలో పడిన బంతులు ఏరి తెచ్చిరి. నేను వినయముగా శిక్షకు నడిగితిని: “అయ్యా, అడ్డగించుట యెట్లో వీరికి నేర్పరా?” ఆయన నవ్వి, “దానికి నేర్పునదేమున్నదమ్మా? బలమును ధైర్యమును ఉండిన చాలును” అనెను.

ఆయన చెడ్డవాడు కాడు. ఒక్కడే పలు ఆటలు నేర్పవలసినవాడు. అయినను ఆ మాట సరికాదని నేను తరువాత చదివి తెలిసికొన్న సంగతుల వలన నాకు తోచినది.

అడ్డగించుట నేర్చుకొనదగిన విద్యయే. 1925వఱకు ఈ యాటలో, బంతి నందుకొనువానికిని ఎదిరివారి గోలుగీతకును నడుమ ఎదిరివారు ముగ్గురైన నుండవలెనను నియమముండెను. ఆ సంవత్సరమున ముగ్గురను ఇద్దఱుగా మార్చిరి. దానితో ముందువరుసవారికి స్వేచ్ఛ హెచ్చి, ఇద్దఱు బ్యాకులు చాలకపోయిరి. ఆ యక్టోబరులోనే లండనునందలి ఆర్సెనలు జట్టు న్యూకాసిలు చేతిలో ఏడు గోలుల తేడాతో ఓడినది. అప్పటి శిక్షకుడు హెర్బర్టు చాప్మను బ్యాకులను తిట్టి ఊరకుండలేదు. నడుమ నాడు హాఫుబ్యాకును వెనుకకు దింపి, ఇద్దఱు బ్యాకుల మధ్య మూడవ కావలివానిగా నిలిపెను. క్రమముగా ఆ పద్ధతి లోకమంతట వ్యాపించెను. లోపము పిల్లల కాళ్లలో లేదు, నిలిపిన తీరులో నున్నదని గ్రహించుటయే ఆయన తెలివి.

ఇంగ్లండు మాట మనకేల యందురా? మన తెలుగునాటనే యింతకంటె గొప్ప నిదర్శనము గలదు. హైదరాబాదువాస్తవ్యుడైన సయ్యదు అబ్దుల్ రహీముగారు వృత్తిచే ఉపాధ్యాయులు, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివినవారు. వారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు గెలిచినది. 1951లో ఢిల్లీ ఏషియా క్రీడలలో భారతజట్టుచే స్వర్ణపతకము గెలిపించినదియు వారే.

మఱుసటి సంవత్సరమే ఘోరపరాజయము వచ్చినది. 1952లో హెల్సింకి ఒలింపిక్కులలో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడినది. మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. అట్టి దినమున బ్యాకులను దూషించుట యెంత సులభము! తరువాతి యేండ్లలో జరిగినది వేఱు. బూట్లు తొడుగుట తప్పనిసరి యైనది. ఇద్దఱు బ్యాకుల పాతపద్ధతి పోయి మూడవ బ్యాకు వచ్చెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్కులలో రహీముగారి జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోలులతో గెలిచి, అదే యుగోస్లావియాతో సెమీఫైనలులో తలపడెను. అప్పుడును ఓడినమాట నిజమే; కాని 10-1 గాదు, 4-1. అంతేగాక మొదటి గోలు మనదే. నాలుగేండ్ల శిక్షణకు ఫల మిట్లుండును.

1962లో జకార్తా ఏషియా క్రీడలయందు మొదటి ఆటలో దక్షిణకొరియా మనలను 2-0 గోలులతో ఓడించెను. ఫైనలులో మఱల వారే ఎదురైరి. మన బ్యాకులలో మేటియైన జర్నెయిలు సింగు అంతకు ముందే తలకు గాయమై కుట్లు వేయించుకొనియుండెను. రహీముగారు ఆయనను ముందువరుసలో నాడించిరి. వెనుక అరుణ్ ఘోషు, చంద్రశేఖరు, త్రిలోక్ సింగు కావలి యుండిరి. హైదరాబాదున బుట్టిన పీటరు తంగరాజు గోలు కాచెను. మన రెండు గోలులలో ఒకటి ఆ బ్యాకు వేసినదే. కొరియావారు ఆట ముగియవచ్చిన సమయమున మాత్రమే ఒక్క గోలు వేయగలిగిరి. 2-1తో స్వర్ణపతకము మనదైనది. అప్పటికే రహీముగారు పుప్పుసపు వ్రణముతో బాధపడుచుండిరి. 1963 జూనులో వారు కాలధర్మము నొందిరి.

వారి శిక్షణక్రమమును గూర్చి చదివినప్పుడు నాకాశ్చర్యమైనది. బంతిని కాళ్లతో త్రిప్పుకొనుచు పోరాదని నియమము పెట్టి కొన్ని పోటీలును, వాటములేని కాలితోనే తన్నవలెనని కొన్ని పోటీలును ఆడించెడివారట. లోపమెచ్చట నున్నదో అచ్చటనే అభ్యాసము చేయించుట ఉపాధ్యాయుని గుణము. వ్రాత సరిగా రాని బిడ్డను దండించిన మంచి యుపాధ్యాయుడగునా? పలకపట్టి దిద్దించినవాడే గదా!

ఇక బ్యాకులకు నేర్పవలసినదేమి? ఒకడు బంతి మీదికి పోయినప్పుడు రెండవవాడు వానివెనుక కొంచెము ఏటవాలుగా నిలువవలెను. ఎదిరివాని మీద ఒక్కుమ్మడిగా దూకక, వానిని ఆలస్యపఱచి, ప్రక్కగీత వైపునకు త్రోయవలెను. కన్ను బంతి మీదనే యుంచక, తన భాగమున నున్న మనిషిని గూడ కనిపెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఒకరినొకరు నోరార పిలుచుకొనవలెను. ఇవి పుట్టుకతో రావు. చెప్పినవారుండి, నిత్యము చేసినప్పుడే వచ్చును.

ఈ విషయమున నా తప్పును గూడ ఒప్పుకొందును. రెండేండ్లు గీతయొద్ద నిలిచి గోలు పడినప్పుడెల్ల చేతులు చఱచితిని. మావాడు బంతి నాపినప్పుడు ఒక్కనాడును చఱవలేదు. ఆపిన గోలు లెక్కలోనికి రాదు గనుక నా కంటికిని రాలేదు. ఇల్లు చక్కబెట్టు మన పనియు నట్టిదే యని యెఱిగియు, నా బిడ్డ విషయమున మఱచితిని.

ఆ తరువాత మావాడును వాని జతగాడును సాయంకాలములయందు ఊరి వెలుపలి బీటిలో రెండు రాళ్లు గోలుగా పెట్టుకొని అభ్యసించిరి. ఒకడు “నేను!” అని పోవలెను, రెండవవాడు “వెనుక!” అని నిలువవలెను. మఱచినప్పుడు గుర్తుచేయుట నా పని. పదిదినములైన పిమ్మట శిక్షకునితో, “అయ్యా, వారమునకు పావుగంట వీరికిండు” అని మఱల మనవి చేసితిని. ఆయన కొంతసేపాలోచించి, మంగళవారము ఇత్తుననెను, ఇచ్చుచున్నాడు.

మొన్నటి ఆటలోను మా పిల్లలు ఓడిరి. కాని ఒక్క గోలుతోనే. రెండవ సగమున ఎదిరివాడు ప్రక్కగీత వెంట బంతి తెచ్చినప్పుడు మావాడు ఎదురుపోయెను, జతగాడు వెనుక నిలిచెను, నడుమకు వచ్చిన బంతిని వాడు దూరముగా తన్నివేసెను. నేను చేతులు చఱచితిని. చుట్టునున్నవారు గోలు పడనిదే యీమె యేల చఱచుచున్నదని నా వంక చూచిరి. ఆ రాత్రి మావాడు కడుపునిండ భోజనము చేసెను.

సోదరీమణులారా, మీ బిడ్డ ఓడి యింటికి వచ్చినప్పుడు ఎన్ని గోలులని మాత్రమే యడుగకుడు. నీకేమి నేర్పిరని గూడ అడుగుడు. జవాబు లేకున్న, మఱునాడు మీరే పోయి నేర్పవలసినవారిని మర్యాదగా అడుగుడు.