అడిగేవారుంటే ముసలితనం బరువు కాదు

టైడా: శివలింగపురం దాటి కొండ మలుపులు తిరిగాక కిరండూల్ పాసింజరు టైడాలో ఆగుతుంది. తిరుగు బండి విశాఖ వైపు దిగేటప్పుడు సంచీ భుజాన వేసుకుని ఎక్కేవారిలో పడుచువాళ్లు కనిపిస్తారు. ఒకరిది చదువు, మరొకరిది కూలిపని. బండి సొరంగంలోకి పోయాక ఊళ్లో పొయ్యి ముందు మిగిలేది తాతలు, ముసలమ్మలు. పిల్లలు దిగువకు పోయిన ఇంట్లో పెద్దవాళ్లు ఎలా బతకాలి? ముసలితనాన్ని బాగా గడపడమంటే ఏమిటి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. రోము దేశపు సిసిరో క్రీ.పూ. 44లో ముసలితనం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. అంతకు ముందు ఏడాదే కూతుర్ని పోగొట్టుకున్నాడు. ముసలితనం మీద జనం చెప్పే ఫిర్యాదులు నాలుగని ఆయన లెక్క తేల్చాడు. పని నుంచి తప్పిస్తుంది, ఒంట్లో బలం తీస్తుంది, సుఖాలు దూరం చేస్తుంది, చావును దగ్గర చేస్తుంది. ఈ నాలుగింటికీ మన్యంలో జవాబులున్నాయి.

పని పోదు, మారుతుంది

కొండమీద వ్యవసాయానికి రిటైర్మెంటు లేదు. నాగలి పట్టలేని చెయ్యి విత్తనం ఏరుతుంది. బరువు మోయలేని ముసలమ్మ అడ్డాకులు కుడుతుంది, చీపుళ్లు కడుతుంది, పసిపిల్లను చూస్తుంది. ఏ చెలకలో సామలు పండుతాయో, ఏ వానకు చోళ్లు చల్లాలో, అడవి దుంపల్లో ఏది చేదుదో, దాన్ని ఎంతసేపు నీటిలో నానబెట్టి వండాలో పెద్దవాళ్లకు తెలుసు. ఇది ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. ఎవరూ అడగకపోతే వాళ్లతోనే పోతుంది.

ఈ కనుమల్లోనే దీనికి గొప్ప సాక్ష్యం ఉంది. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చారు. వారికి బడులు పెట్టించారు. కొండజ్వరానికి క్వినైను మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు, డెబ్బై దాటిన వయసులో ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. అయినా పని వదల్లేదు. ఆయన సవర నిఘంటువు 1938లో అచ్చయింది. 1863లో పుట్టిన మనిషికి అప్పటికి 75 ఏళ్లు. చెవులు వినపడని పెద్దాయన ఒక జాతి మాటలను కాపాడి 1940లో కన్నుమూశారు. ఆయనకు ఆ మాటలు చెప్పినవారు పెద్ద చదువులు చదివినవారు కారు, కొండమీది సవరలు.

అన్నిటికీ వయసే కారణమా?

బలం తగ్గడం నిజమే. కాని ప్రతి బాధనూ వయసు మీదకు తోసేయడం తప్పు. కళ్లు మసకబారితే “ముసలితనం కదా” అని ఊరుకుంటారు. అది శుక్లమైతే చిన్న ఆపరేషనుతో చూపు తిరిగి వస్తుంది. తల తిరుగుతుంటే రక్తపోటు చూపించాలి. ఎడతెగని దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి. చోడి అంబలి, ఆకుకూర, రోజూ కాస్త నడక ఒంటికి మంచివి. అవి మందుకు బదులు కావు. సారా అసలే కాదు.

సుఖాల మాటకొస్తే, ఇటుకల పండుగనాడు థింసా వరసలో అడుగు కలపలేని ముసలమ్మ అరుగు మీద కూచుని తాళం వేస్తుంది. తప్పు అడుగు పడితే ముందు కనిపెట్టేది ఆమే. ఆట మానినా ఆనందం మానలేదు.

చావు భయానికి మందు చెట్టు. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. పనస గింజ మానై కాయడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఆ పండు తాను తింటాడో లేదో తెలియకుండానే తాత గింజ పాతుతాడు. తాతలు అలా నాటిన చెట్ల కింద నేటి పిల్లలు ఆడుతున్నారు. తన తరవాత కూడా ఇల్లు ఉంటుందని నమ్మినవాడికి భయం సగం తగ్గుతుంది.

ఒకటో తారీఖు గౌరవం

1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను పథకం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పింఛను నెలకు 4,000 రూపాయలైంది. కన్నవారిని చూడని పిల్లల మీద 2007 నాటి చట్టం కింద ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకోవచ్చు. దానికి వకీలు అక్కరలేదు. ఈ రెండూ పెద్దలకు అండ. ఆ డబ్బు పెద్దవాళ్ల బువ్వకు, మందుకు అని ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి. ఒకటో తారీఖున మాత్రమే గుర్తొచ్చే తాతకు ఆ ఇంట్లో అన్నం ఉండొచ్చు గాని చోటు లేదు.

పెద్దలకూ ఒక మాట ఉంది. అడగని సలహా పదిసార్లు చెబితే అడిగేవారు కూడా తగ్గుతారు. “మా రోజుల్లో” అని మొదలుపెట్టే ముందు కుర్రవాడి కష్టం ఒకసారి వినాలి. అప్పుడు రెండు తరాలకూ మాట కలుస్తుంది.

దిగువకు పోయిన పిల్లలు పండక్కి బండి దిగినప్పుడు కొత్త చీర, మిఠాయి పొట్లం తెస్తారు. మంచిదే. దాంతోపాటు పొయ్యి దగ్గర కూచుని “తాతా, ఈ ఏడు సామలు ఎప్పుడు చల్లమంటావు?” అని అడగాలి. దానికి ఖర్చు లేదు. ఆ జవాబు చెప్పడానికి తాత మరో వానాకాలం ఎదురుచూస్తాడు.