నెట్‌వర్కు ద్వారా వచ్చే ధ్వని: వినబడనప్పుడు ఏం చేయాలి?

హోసూరులోనో బళ్ళారిలోనో బరంపురంలోనో చదువుకుంటూ, ఆకాశవాణి తెలుగు ప్రసారాలను కంప్యూటరు మీద వినే విద్యార్థులకు తరచు ఒక చిక్కు ఎదురవుతుంది. చిరునామా ఇచ్చినా ప్లేయరు పలకదు. పలికినా మాట ముక్కలుగా వస్తుంది. తెలుగు తక్కువగా వినబడే చోట ఉచ్చారణ పరిశీలనకు ఈ ప్రసారాలే ముఖ్యమైన ఆధారం. కనుక ఉచితంగా దొరికే వి.ఎల్.సి. ప్లేయరును ఉదాహరణగా తీసుకొని, ఈ చిక్కును విడదీసే క్రమాన్ని వివరిస్తున్నాం.

ధ్వని మనకు చేరడంలో మూడు దశలున్నాయి: సరైన చిరునామా దొరకడం, దారి తెరిచి ఉండడం, వచ్చిన అంకెలు తిరిగి ధ్వనిగా మారడం. వెతకడం కూడా ఈ వరుసలోనే సాగాలి.

మొదటిది చిరునామా. వెబ్ పేజీ చిరునామా, ప్రసారం చిరునామా ఒకటి కావు. మీడియా మెనూలోని ‘ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్’లో ఇవ్వవలసింది రెండోదే. ‘పి.ఎల్.ఎస్.’ అనే పొడిగింపు ఉన్న ఫైలు దొరికితే అందులో ధ్వని ఉండదు. అది చిన్న పాఠ్యపత్రం మాత్రమే. నోట్‌ప్యాడులో తెరిస్తే అసలు చిరునామా కనబడుతుంది. ‘ఎమ్3యు8’ సంగతి వేరు. అందులో ప్రసారం కొద్ది సెకన్ల తునకలుగా ఉంటుంది, తునకల పట్టిక ఎప్పటికప్పుడు మారుతుంది. అందువల్ల పట్టిక చిరునామానే ప్లేయరుకు ఇవ్వాలి. ‘ఎం.ఎం.ఎస్.’తో మొదలయ్యేవి పాతకాలపువి. వాటికి బదులు కొత్త చిరునామా వెతుక్కోవడం మేలు.

రెండోది దారి. అదే చిరునామాను సెల్‌ఫోను హాట్‌స్పాట్ మీద ప్రయత్నించండి. అక్కడ పలికి హాస్టల్లో పలకకపోతే లోపం ప్లేయరుది కాదు. చాలా కళాశాలల ఫైర్‌వాల్ 80, 443 పోర్టులను వదిలి, 8000 వంటి వాటిని మూసి ఉంచుతుంది. ఆ సంగతి నెట్‌వర్కు చూసేవారికి చెప్పాలి.

మాట తెగుతూ ఉంటే, చిరునామా ఇచ్చే చోటనే ‘షో మోర్ ఆప్షన్స్’ తెరిచి, ‘కాషింగ్’ విలువను 3000 మిల్లీసెకన్లకు పెంచండి. ప్రసారం మూడు సెకన్లు వెనుకబడుతుంది కాని, మధ్యమధ్య తడబాటు తగ్గుతుంది. అయితే ఇది నీళ్ళ తొట్టి వంటిది. కుళాయి ధార వాడకం కంటే సన్నగా ఉంటే ఎంత పెద్ద తొట్టయినా ఖాళీ అవుతుంది. సెకనుకు 64 కిలోబిట్ల ప్రసారానికి సెకనుకు 8 కిలోబైట్లు ఆగకుండా రావాలి. అంత రాకపోతే తక్కువ బిట్‌రేటున్న ప్రసారాన్ని ఎంచుకోవాలి.

మూడోది ధ్వనిగా మారడం. గడియారం నడుస్తూ శబ్దం లేకపోతే కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కి గణాంకాలు చూడండి. వచ్చిన డేటా పెరుగుతున్నా విప్పిన భాగాల లెక్క కదలకపోతే లోపం కోడెక్‌ది. రెండూ కదులుతుంటే స్పీకరు ఎంపికను చూడాలి.

భాషాశాస్త్ర విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఆ కిటికీలోనే శాంప్లింగ్ రేటు కూడా ఉంటుంది. అది 8000 హెర్ట్‌జ్ అయితే 4000 హెర్ట్‌జ్‌కు పైనున్న ధ్వని ఏదీ మీకు చేరదు. ‘స’కారపు బలం ఎక్కువగా ఉండేది అక్కడే, అది పోతే ‘శ’, ‘స’ల భేదం మసకబారుతుంది. ఒక ప్రాంతంవారికి ఈ భేదం లేదని రాసుకొనే ముందు ఆ అంకెను చూడండి. యంత్రం పోగొట్టినదాన్ని మాట్లాడేవారి లోపంగా లెక్కించకూడదు.