సంతకం చేసే చిప్

కాగితం మీది సంతకాన్ని చూసి అది ఎవరి చేవ్రాలో గుర్తుపట్టవచ్చు గాని, సంతకం పడ్డాక పై వరుసలో అంకె ఏదైనా మారిందా అన్నది తేల్చుకోలేము. ఈ రెండు సందేహాలనూ తీర్చగల ఎలక్ట్రానిక్ సంతకానికి 1976లో డిఫీ, హెల్‌మన్‌ల జంట కీల ప్రతిపాదన దారి చూపగా, 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్‌లు రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి దానిని ఆచరణసాధ్యం చేసింది. సంతకం చేసేందుకు యజమాని దాచుకునే సంఖ్య రహస్య కీ, దానిని సరిచూసేందుకు అందరికీ ఇచ్చేది బహిరంగ కీ. ఈ బహిరంగ కీ ఫలానా వారిదేనని నమ్మకమైన సంస్థ తన సంతకంతో ధ్రువీకరించే పత్రమే సర్టిఫికెట్.

రహస్య కీ కంప్యూటర్‌లోనే ఉంటే దానిని ఎవరైనా కాపీ చేసుకునే ప్రమాదముంది. ఫ్రాన్స్‌లో 1974లో రోలాండ్ మొరేనో పేటెంటుకెక్కించిన చిప్ కార్డు, తరువాత మిషెల్ ఉగాన్ కృషితో మైక్రోప్రాసెసర్‌ను కూడా ఇముడ్చుకుని స్మార్ట్ కార్డుగా ఎదగడంతో, కీ చిప్‌లోనే పుట్టి, అక్కడే లెక్క కట్టి, ఎన్నడూ బయటికి రాకుండా ఉండే ఏర్పాటు కుదిరింది. 1995 నాటి ఎస్‌మైమ్ ప్రమాణం ఈమెయిల్‌కూ ఇటువంటి సంతకాన్ని జతచేసే విధానాన్ని ఇచ్చింది.

మన దేశంలో 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించింది. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ, బ్యాంకులకు సర్టిఫికెట్లు జారీ చేయడమే కాక, 2001 డిసెంబరులో ఎస్‌ఎఫ్‌ఎంఎస్ అనే సందేశ వ్యవస్థను ప్రారంభించింది. బ్యాంకుల మధ్య సొమ్ము బదిలీ చేసే నెఫ్ట్ సందేశాలు నడిచేది దీని మీదనే గనుక, 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు వంటి కృష్ణా డెల్టా బ్యాంకుల ఖాతాదారుల సొమ్ముకు కూడా ఇటువంటి సంతకాలే కాపలా కాశాయి.

2011లో మొదలైన ప్రభుత్వ సేవల వ్యవస్థ మీసేవతో ఇదే విద్య మండల కార్యాలయాలకు చేరింది. విజయవాడ పరిసరాల్లో తహసీల్దారు కంప్యూటర్‌కు పెట్టే డాంగిల్, కార్డు రూపం విడిచి యూఎస్‌బీ రూపం దాల్చిన స్మార్ట్ కార్డే. పొలం సాగు వివరాలుండే అడంగల్ నకలు తెరమీదికి రాగానే సాఫ్ట్‌వేర్ దానిలోని ప్రతి అక్షరాన్నీ కలిపి 256 బిట్ల సారసంఖ్యగా కుదిస్తుంది. పిన్ కొట్టిన తరువాత చిప్ ఆ సంఖ్యను రహస్య కీతో మార్చి సంతకంగా తిరిగి ఇస్తుంది. ఆ తరువాత సర్వే నంబరులో ఒక్క అంకె దిద్దినా సారసంఖ్య పూర్తిగా మారిపోయి, సరిచూసే సాఫ్ట్‌వేర్ సంతకం చెల్లదని చెబుతుంది. పిన్‌ను పదేపదే తప్పు కొడితే చిప్ తానే మూసుకుపోతుంది.

అయితే చిప్‌కు తెలిసేది పిన్ మాత్రమే, దానిని కొట్టిన మనిషి కాదు. పని ఒత్తిడిలో డాంగిల్‌నూ పిన్‌నూ సిబ్బంది చేతికిస్తే, ఆ సంతకం గణితరీత్యా నిర్దోషమైనా, అధికారి చూడని పత్రానికి అధికారి పేరు పడుతుంది. పొలం పత్రం ఆధారంగా అప్పు తెచ్చుకునే రైతుకు ఇది బతుకుతెరువు సమస్య. అందుకే సమాచార సాంకేతిక చట్టంలోని 42వ సెక్షన్ రహస్య కీని తన అదుపులో ఉంచుకోవడం సర్టిఫికెట్‌దారు బాధ్యత అని, అది చేజారితే జారీ సంస్థకు వెంటనే తెలియజేయాలని, తెలియజేసేంతవరకు బాధ్యత ఆ వ్యక్తిదేనని స్పష్టంగా చెప్పింది.