పీపీటీలో చార్ట్ పాత అంకెలే చూపిస్తోందా? షేర్డ్ డ్రైవ్‌లో ఎక్సెల్ లింక్ సమస్యను ఇలా పట్టుకోండి

చార్ట్ అసలు కనిపించకపోతే పెద్ద ప్రమాదం లేదు. అందరికీ తెలిసిపోతుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. చార్ట్ చక్కగా కనిపిస్తూ రెండు నెలల నాటి అంకెలు చూపిస్తేనే ప్రమాదం. 2023లో మా చిన్నాయన ఆ ప్రమాదంలో పడ్డాడు. ఆ పీపీటీ తయారుచేసింది నేనే. బీటెక్ చదివి, రోజూ కోడ్ రాసే నేను ఎక్కడ తప్పు చేశానో, మీరు ఆ తప్పు చేయకుండా ఏం చూసుకోవాలో ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

అసలు ఏం జరిగిందంటే...

మాది మదనపల్లె. 2023 జూలై గుర్తుందా? మదనపల్లె మార్కెట్లో నాణ్యమైన టమోటా కిలో 200 రూపాయలకు దగ్గరగా పలికింది. దేశమంతా మా ఊరి పేరు వార్తల్లో వచ్చింది. కానీ సెప్టెంబర్ వచ్చేసరికి ధర కుప్పకూలింది. ఆ రెండో సగం పెద్దగా ఎవరికీ గుర్తులేదు, పంట పెట్టినవాళ్ళకు తప్ప.

మా చిన్నాయనది పుంగనూరు పక్కన సేద్యం. ఆయన, ఇంకొంతమంది రైతులు కలిసి ఒక కొనుగోలుదారుతో మాట్లాడుకున్నారు. మార్కెట్ ధర ఎంత ఎగిరినా, ఎంత పడినా ఏడాదంతా ఒకే రేటుకి కాయ ఇవ్వాలని ఆలోచన. మీటింగ్ కుప్పంలో. "ఒక ఐదు స్లైడ్లు చేసియ్యి రా, ధర ఎట్ల ఎగిరి ఎట్ల పడిందో గ్రాఫులో కనపడల్ల" అన్నాడు.

సెటప్ సింపుల్. ఎక్సెల్ షీట్, పీపీటీ రెండూ నా వన్‌డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టి షేర్ చేశాను. పుంగనూరులో ఒక ఫ్రెండ్ ప్రతి వారం ధరలు ఎక్కించేవాడు. కుప్పంలో ఉండే మా చెల్లెలు మీటింగ్ రోజు తన ల్యాప్‌టాప్‌లో ప్రెజెంట్ చేయాలి. ఆగస్టు మొదట్లో మదనపల్లెలో కూర్చుని నేను చార్ట్ కాపీ చేసి స్లైడ్‌లో పేస్ట్ చేశాను. మీటింగ్ ముందు రోజు బస్సులో, ఫోన్‌లోనే పీపీటీ తెరిచి "సెప్టెంబర్‌లో ధర పతనం" అని టెక్స్ట్ మార్చాను. షీట్‌లో కొత్త అంకెలు ఉన్నాయి కదా, చార్ట్ దానంతట అదే మారుతుందిలే అనుకున్నాను.

మారలేదు. మీటింగ్‌లో టెక్స్ట్ పతనం అంటోంది, గ్రాఫ్ మాత్రం నిటారుగా పైకి పోయి జూలై దగ్గర ఆగిపోయింది. కొనేవాళ్ళకు అనుమానం వచ్చింది. ధర ఇంతలా ఎక్కుతుంటే తక్కువ రేటుకి ఒప్పుకుంటామని ఎందుకంటున్నారు, లెక్కల్లో ఏం దాస్తున్నారు అని అడిగారు. సాయంత్రం చిన్నాయన ఫోన్: "ఏం రా, కింద పడిందని రాసినావు, గీత పైకి పోతా ఉంది. నేను అబద్ధం చెప్తా ఉండానని అనుకున్నారు వాళ్ళు."

ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. ఆ రాత్రే ఫైల్ మొత్తం విప్పి చూశాను.

లింక్డ్ చార్ట్ అంటే నిజంగా ఏంటి?

ఎక్సెల్ చార్ట్‌ని కాపీ చేసి పవర్‌పాయింట్‌లో కంట్రోల్ + వి కొడితే, మామూలుగా అది డేటాతో లింక్ అయ్యే పేస్ట్ అవుతుంది. మనం అడగకుండానే. అప్పుడు పీపీటీలో రెండు విషయాలు సేవ్ అవుతాయి.

ఒకటి, ఎక్సెల్ ఫైల్ ఉన్న అడ్రస్. రెండు, చివరిసారి అప్‌డేట్ అయినప్పటి అంకెల కాపీ.

అంటే లింక్డ్ చార్ట్ లైవ్ కెమెరా కాదు. ఒక పాత ఫోటో, దాని వెనక రాసిన ఒక అడ్రస్. అడ్రస్ దొరక్కపోయినా ఫోటో అలాగే కనిపిస్తుంది. చూసేవాళ్ళకు తేడా తెలియదు.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న ప్రయోగం చేయండి. పీపీటీకి ఒక కాపీ తీసుకుని, ఆ కాపీ ఎక్స్‌టెన్షన్‌ని జిప్‌గా మార్చి ఓపెన్ చేయండి. పీపీటీ అనే ఫోల్డర్‌లో చార్ట్స్ ఫోల్డర్ ఉంటుంది. చార్ట్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మీ అంకెలు కనిపిస్తాయి. పక్కనే ఉన్న రెల్స్ ఫోల్డర్‌లోని ఫైల్‌లో ఎక్సెల్ అడ్రస్ కనిపిస్తుంది.

నా ఫైల్‌లో కనిపించిన అడ్రస్ ఇది: సి డ్రైవ్, యూజర్స్, నా పేరు, వన్‌డ్రైవ్, టమోటా ఫోల్డర్. మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో యూజర్స్ కింద నా పేరు ఎందుకుంటుంది? ఫోల్డర్ షేర్ అయ్యింది కానీ అడ్రస్ షేర్ అవ్వలేదు. మదనపల్లెలో రాసుకున్న అడ్రస్ పట్టుకుని కుప్పంలో ఇల్లు వెతికినట్టు అయ్యింది.

ఫైల్ తెరవగానే లింకులు అప్‌డేట్ చేయాలా అని బాక్స్ వచ్చిందంట. తను అప్‌డేట్ నొక్కింది. ఫైల్ దొరకలేదని మెసేజ్ వచ్చింది. ఓకే కొట్టింది. చార్ట్ మామూలుగానే కనిపించింది కాబట్టి పర్లేదనుకుంది. తన తప్పేం లేదు, ఎవరైనా అంతే చేస్తారు.

స్టెప్ బై స్టెప్: ఇలా చెక్ చేయండి

ఇదంతా విండోస్ ల్యాప్‌టాప్‌లో, డెస్క్‌టాప్ పవర్‌పాయింట్‌లో చేయాలి. ఫోన్‌లో చార్ట్ కనిపించింది కదా అని లింక్ పనిచేస్తోందని అనుకోకండి. అక్కడ చూసేది సేవ్ అయిన ఫోటోనే.

1. చివరి పాయింట్ చూడండి. చార్ట్‌లో చివరి తేదీ ఏది? షీట్‌లో చివరి వరుస ఏది? రెండూ ఒకటి కాకపోతే చార్ట్ పాతది. పది సెకన్ల పని, కానీ అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

2. అడ్రస్ చూడండి. ఫైల్ → ఇన్ఫోకి వెళ్ళండి. కుడివైపు కింద 'ఎడిట్ లింక్స్ టు ఫైల్స్' ఉంటుంది. అది క్లిక్ చేస్తే ఏ చార్ట్ ఏ ఫైల్‌కి లింక్ అయ్యిందో లిస్ట్ వస్తుంది. ఆ ఆప్షనే లేదంటే ఆ పీపీటీలో లింకులు లేనట్టే, చార్ట్ డేటా లోపలే ఎంబెడ్ అయ్యుండొచ్చు.

3. అడ్రస్ మార్చండి. ముందు ఎక్సెల్ ఫైల్‌ని మీ ల్యాప్‌టాప్‌లో తెరిచి, అది సరైన ఫైలేనా అని చూసుకోండి. తర్వాత లింక్స్ బాక్స్‌లో ఒక్కో లింక్‌నీ సెలెక్ట్ చేసి 'ఛేంజ్ సోర్స్' నొక్కి ఆ ఫైల్‌ని చూపించండి. తర్వాత 'అప్‌డేట్ నౌ'. చివర్లో సేవ్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే పాత ఫోటోనే మిగులుతుంది.

4. రిఫ్రెష్ చేయండి. చార్ట్ మీద క్లిక్ చేస్తే పైన చార్ట్ డిజైన్ ట్యాబ్ వస్తుంది. అందులో 'ఎడిట్ డేటా' నొక్కితే ఎక్సెల్ తెరుచుకోవాలి. తెరుచుకుంటే లింక్ బతికే ఉంది. 'రిఫ్రెష్ డేటా' కూడా అక్కడే ఉంటుంది.

అయినా మారలేదా? కారణాలు ఇవి కావొచ్చు

ప్రొటెక్టెడ్ వ్యూ: వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన పీపీటీ పైన పసుపు పట్టీతో తెరుచుకుంటే, 'ఎనేబుల్ ఎడిటింగ్' నొక్కేదాకా లింకులు అప్‌డేట్ కావు.

ఫైల్ ల్యాప్‌టాప్‌లో లేకపోవడం: వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫైల్ పక్కన మబ్బు గుర్తు ఉంటే, ఆ ఫైల్ ఇంకా క్లౌడ్‌లోనే ఉంది. మీటింగ్ హాల్‌లో నెట్ లేకపోతే తెరుచుకోదు. ముందే రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' పెట్టుకోండి.

రెండు కాపీలు: ఇద్దరు వేర్వేరుగా మార్చిన మార్పులు కలవకపోతే, వన్‌డ్రైవ్ ఫైల్ పేరు చివర కంప్యూటర్ పేరు తగిలించి ఇంకో కాపీ చేస్తుంది. కొత్త అంకెలు ఒక కాపీలో, లింక్ ఇంకో కాపీకి. ఫోల్డర్‌లో అలాంటి జంట ఫైల్ ఉందేమో చూడండి.

షీట్ పేరు: లింక్‌లో ఫైల్ పేరుతో పాటు షీట్ పేరు, సెల్స్ రేంజ్ కూడా ఉంటాయి. ఎవరైనా 'షీట్ 1' పేరుని 'ధరలు' అని మార్చినా చార్ట్‌కి దారి తప్పొచ్చు.

రేంజ్: ఇది అందరూ మిస్ అయ్యేది. లింక్ బాగుంటుంది, అప్‌డేట్ కూడా అవుతుంది, కానీ కొత్త వరుసలు రావు. ఎందుకంటే చార్ట్ మొదట ఇచ్చిన సెల్స్ వరకే చూస్తుంది. నా కేసులో అడ్రస్ సరిచేశాక కూడా గీత జూలై దగ్గరే ఆగింది. ఆగస్టు, సెప్టెంబర్ వరుసలు రేంజ్ బయట ఉన్నాయి. చార్ట్ డిజైన్ → సెలెక్ట్ డేటాలో రేంజ్ పెంచితేనే గీత కిందికి దిగింది.

గూగుల్ డ్రైవ్ వాడితే?

విండోస్‌లో గూగుల్ డ్రైవ్ యాప్ వేసుకుంటే సాధారణంగా జి అనే డ్రైవ్‌గా కనిపిస్తుంది. అది మార్చుకునే వీలుంది కాబట్టి ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో అక్షరం వేరేగా ఉండొచ్చు. పైగా మీ 'మై డ్రైవ్'లో ఉన్న ఫోల్డర్ అవతలివాళ్ళకు షార్ట్‌కట్‌గా వస్తుంది, అంటే అడ్రస్ వేరు. ఎక్సెల్, పవర్‌పాయింట్ ఫైళ్ళని అందులో పెట్టి లింక్ చేస్తే ఇదే కథ.

అదే గూగుల్ షీట్స్, గూగుల్ స్లైడ్స్ వాడితే లింక్ ల్యాప్‌టాప్‌లోని అడ్రస్‌కి కాదు, ఆన్‌లైన్‌లో ఉన్న షీట్‌కే. కాబట్టి యూజర్ పేరు, డ్రైవ్ అక్షరం గొడవ ఉండదు. కానీ అక్కడ కూడా చార్ట్ దానంతట అది మారదు. షీట్ మారితే చార్ట్ మూలలో 'అప్‌డేట్' బటన్ వస్తుంది, అది నొక్కాలి. చార్టులు చాలా ఉంటే టూల్స్ → లింక్డ్ ఆబ్జెక్ట్స్‌లో అన్నీ ఒకేసారి అప్‌డేట్ చేయొచ్చు.

ఇంకో జాగ్రత్త. షీట్ యాక్సెస్ లేనివాళ్ళకు కూడా స్లైడ్‌లో లింక్ అయిన చార్ట్ కనిపిస్తుంది. దాచాల్సిన అంకెలుంటే స్లైడ్స్ షేర్ చేసే ముందు ఆలోచించుకోండి.

మరి ఏ పద్ధతి బెస్ట్?

పనిని రెండు దశలుగా విడగొట్టండి. తయారుచేస్తున్నంత కాలం లింక్ ఉంచుకోండి, అందుకే అది ఉంది. లింకులు అప్‌డేట్ చేసే బాధ్యత ఒక్కరికే, ఒక్క ల్యాప్‌టాప్‌కే ఇవ్వండి. మిగతావాళ్ళు షీట్‌లో అంకెలు ఎక్కిస్తే చాలు.

ప్రెజెంట్ చేసే రోజుకి మాత్రం వేరే కాపీ తీయండి. అందులో అన్నీ అప్‌డేట్ చేసి, చివరి పాయింట్ చూసుకుని, లింక్స్ బాక్స్‌లో 'బ్రేక్ లింక్' నొక్కండి. ఇక ఆ చార్ట్ ఏ అడ్రస్‌నీ వెతకదు, ఎక్కడ తెరిచినా అవే అంకెలు. బ్రేక్ చేశాక డేటా మార్చలేం కాబట్టి ఒరిజినల్‌ని ముట్టుకోవద్దు. యానిమేషన్లు లేకపోతే పీడీఎఫ్ ఇంకా సేఫ్. స్లైడ్ మూలలో 'ఈ తేదీ వరకు ధరలు' అని ఒక లైన్ రాయండి. చార్ట్ పాతబడితే చూసేవాళ్ళే పట్టేస్తారు.

రెండోసారి మీటింగ్‌కి నేనే మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్ళి, చిన్నాయనను ఎక్కించుకుని కుప్పం పోయాను. పీడీఎఫ్ ఫోన్‌లో, పెన్‌డ్రైవ్‌లో, నాలుగు ప్రింట్లు సంచిలో. గీత జూలైలో ఎక్కి సెప్టెంబర్‌లో దభాలున దిగింది. ఈసారి కొనేవాళ్ళు గ్రాఫ్ గురించి ఏమీ అడగలేదు, నేరుగా రేటు దగ్గరికి వచ్చారు. బేరం ఇంకో రెండు మీటింగులు పట్టింది, అది వేరే సంగతి.

ఇప్పుడు నేను ఏ స్లైడ్ పంపినా చిన్నాయన ముందు అడిగేది ఒక్కటే: "చివరి చుక్క ఏ నెలది రా?"

మీరు కూడా సెండ్ నొక్కే ముందు అదొక్కటి అడుక్కోండి.